నీటి గీత లోపలి నగరం: కాన్‌బెర్రా, గంగాలిన్

చైనాలోని వూహాన్‌ను రాజధాని కోసమో రేవు కోసమో ఎవరూ వెతికి ఎంచుకోలేదు. యాంగ్‌ట్సీలో హాన్ నది కలిసే చోట వర్తకం పెరిగింది, ఒడ్డున మూడు పట్టణాలు ఎదిగి ఒకటయ్యాయి. గోదావరి లేని రాజమహేంద్రవరాన్నీ ఊహించలేము. ఆస్ట్రేలియా రాజధాని కథ ఇందుకు తలకిందులు. నగరం కట్టాలన్న నిర్ణయం ముందు జరిగింది. నీటి కోసం వెతుకులాట తరువాత మొదలైంది.

1901లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం ప్రకారం రాజధాని న్యూ సౌత్ వేల్స్‌లోనే, సిడ్నీకి కనీసం 100 మైళ్ళ దూరంలో ఉండాలి. సిడ్నీ, మెల్‌బోర్న్‌ల పంతానికి దొరికిన రాజీ అది. 1904లో పార్లమెంటు స్నోయీ నది ఒడ్డున ఉన్న డాల్గెటీని ఎంచుకుంది. అది విక్టోరియాకు మరీ దగ్గరని న్యూ సౌత్ వేల్స్ ఒప్పుకోలేదు. 1908లో యాస్-కాన్‌బెర్రా ప్రాంతం ఖాయమైంది. అక్కడి మొలాంగ్లో వేసవిలో సన్నగిల్లి, వానలకు మైదానమంతా పరచుకునే ఏరు. అందువల్ల సర్వేయర్ చార్ల్స్ స్క్రివెనర్ పడమటి కొండల్లోని కాటర్ నదిని తాగునీటికి ఆధారంగా చూశాడు.

రాజధాని ప్రాంతపు పటంలో వంకరలు పోయే సరిహద్దుకు కారణం ఇదే. పడమట, దక్షిణాన ఆ గీత కొండల శిఖరాల వెంబడి నడుస్తుంది. లోపలి వాలు మీద పడిన వాన రాజధానిది, బయటి వాలు మీద పడినది న్యూ సౌత్ వేల్స్‌ది. గీతకు బయట ఉన్న మొలాంగ్లో, క్వీన్‌బియాన్ నదుల ఎగువ నీటి మీద కూడా 1909 ఒప్పందం కేంద్రానికి హక్కు కల్పించింది. కృష్ణా జలాల తగాదాలు ఎరిగిన తెలుగువారికి ఈ ముందుచూపు విలువను వేరే చెప్పనక్కరలేదు. అయితే ఒప్పందం రెండు ప్రభుత్వాల మధ్యది. ఆ ఏళ్ళ ఒడ్డున తరతరాలుగా బతికిన న్గున్నవాల్ ప్రజలను ఎవరూ అడగలేదు.

కాటర్ మీద తొలి ఆనకట్ట 1915 నాటికి పూర్తయింది. 1912 పోటీలో నెగ్గిన వాల్టర్ బర్లీ గ్రిఫిన్ పటంలో గీసిన సరస్సుకు మాత్రం అర్ధ శతాబ్దం పట్టింది. 1963 సెప్టెంబరులో మొలాంగ్లో ఆనకట్ట తూములు మూసేసరికి కరవు. 1964 ఏప్రిల్‌లో గాని సరస్సు నిండలేదు. పాత గుర్రప్పందేల మైదానం నీట మునిగింది. గ్రిఫిన్ అది చూడలేదు. 1937లోనే లక్నోలో మరణించాడు.

సరిహద్దు గీత నీటిని కాపాడింది గాని నిప్పును ఆపలేకపోయింది. 2003 జనవరి కార్చిచ్చులో కాటర్ పరీవాహక ప్రాంతం కాలిపోయి, బూడిదా మట్టీ జలాశయాల్లోకి కొట్టుకొచ్చాయి. కరవు కూడా తోడవడంతో దిగువన పెద్ద ఆనకట్ట కట్టారు. 2013లో పూర్తయిన ఆ కట్టడంతో 400 కోట్ల లీటర్ల నిలువ సుమారు 7,800 కోట్ల లీటర్లకు పెరిగింది.

నగరపు ఉత్తర కొసన గంగాలిన్ ఉంది. పేరులో తెలుగు చెవికి గంగ వినిపిస్తుంది; ఆ మాట మాత్రం స్థానిక ఆదివాసుల భాష నుంచి వచ్చినదని చెబుతారు. ఇక్కడి గంగాలిన్ ఎస్టేటును కొన్న ఎడ్వర్డ్ కెండల్ క్రేస్ 1892లో వరద మీదున్న జినిండెర్రా వాగును దాటబోయి మునిగిపోయాడు. ఆయన పేరిట నేడు ఒక పేట ఉంది, న్గున్నవాల్ పేరిట మరొకటి. ప్రాణం తీసిన ఆ వాగు ఇప్పుడు యెర్రాబీ, గంగాలిన్ చెరువులుగా నిలిచి, సాయంకాలపు నడకలకు దారి అయింది. చూపుకు అవి అలంకారాలే. అయితే వీధుల వాననీటిలోని మట్టి, ఎరువుల అవశేషాలు అడుగుకు దిగడానికి, రెల్లు కొంత పీల్చుకోవడానికి వాటిని తవ్వారు.

ఈ శ్రద్ధ ఆలస్యంగా వచ్చింది. లోనికి వచ్చే నీటిని కాపాడిన 1909 నాటి పెద్దలు బయటికి పోయే నీటి గురించి అంతగా ఆలోచించలేదు. నగరం పెరిగేకొద్దీ దాని మురుగు దిగువన బరింజక్ జలాశయంలో నాచుకు ఆహారమైంది. 1978లో లోయర్ మొలాంగ్లో శుద్ధి కేంద్రం తెరిచాక గాని పరిస్థితి మెరుగుపడలేదు. యెర్రాబీ నుంచి పొర్లే నీరు నేటికీ జినిండెర్రా వాగు మీదుగా సరిహద్దు దాటి మరంబిడ్జీలో కలుస్తుంది. బరింజక్ ఆనకట్ట దాటాక పొలాల కాలువల్లోకి మళ్ళుతుంది.