హార్ట్‌ఫర్డ్ అద్దె బ్యాటరీలు

లారీ తోలి బతికినవాణ్ణి. కరెంటు ట్రక్కు అనగానే నేనడిగేది ఒక్కటే: ఛార్జింగ్ ఎక్కేదాకా బండి ఖాళీగా నిలబడితే కిరాయి ఎవడిస్తాడు? అమెరికాలో, కనెక్టికట్‌లోని హార్ట్‌ఫర్డ్‌లో దీనికి 1910లోనే దారి దొరికింది. జనరల్ వెహికల్ కంపెనీ దగ్గర బ్యాటరీ లేకుండానే కరెంటు ట్రక్కు కొనుక్కునే వీలుండేది. బ్యాటరీ మాత్రం ఊరికి కరెంటిచ్చే కంపెనీది. నెలకింత, ఆపైన తిరిగిన మైలుకింత. ఛార్జింగ్ దిగిపోతే నిండినది వేసి పంపేవారు. చిటికెలో మార్చేందుకు వీలుగా బండినీ, బ్యాటరీనీ కూడా సవరించారు. బ్యాటరీ పాడైతే ఆ దిగులు కరెంటు కంపెనీదే. నన్నడిగితే అసలు తెలివి అక్కడుంది. పైగా అప్పటి పెట్రోలు బండిలా స్టార్ట్ చేయడానికి హ్యాండిల్ తిప్పి చేతులు విరగ్గొట్టుకునే బాధ డ్రైవరుకు లేదు. 1924 దాకా ఆ బళ్లు మొత్తం 60 లక్షల మైళ్లు పైనే తిరిగాయి.