తీగ ముందుకొచ్చిన వేళ

1964. కాలిఫోర్నియాలోని మెన్లో పార్క్. స్టాన్‌ఫోర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒక బల్ల. దాని మీద అరచేతిలో ఇమిడే చెక్క పెట్టె. పైన ఒకే ఒక్క మీట. అడుగున రెండు చక్రాలు, ఒకటి నిలువు కదలికకు, ఒకటి అడ్డ కదలికకు. వెనక నుంచి, సరిగ్గా మణికట్టు కిందుగా, ఒక తీగ.

ఆ పెట్టే తొలి కంప్యూటర్ మౌస్. ఊహ డగ్లస్ ఎంగెల్‌బార్ట్‌ది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా నౌకాదళంలో రాడార్ టెక్నీషియన్‌గా పనిచేసినవాడు. 1961లో ఒక కంప్యూటర్ గ్రాఫిక్స్ సదస్సులో కూర్చుని ఉండగా అతని మనసు ప్లానిమీటరు మీదికి పోయింది. పటం మీద గీత వెంట ముల్లు నడిపితే చక్రం దొర్లి వైశాల్యం కొలిచే పరికరం అది. అలాంటి చక్రాలు రెండుంటే తెర మీద గుర్తును ఎటైనా నడిపించవచ్చని తట్టింది. ఆ ఆలోచనకు రూపమిచ్చింది అతని సహచర ఇంజినీరు బిల్ ఇంగ్లిష్.

చెయ్యి పెట్టె మీద పడింది. ముందుకు తోశారు, చక్రం తిరిగింది. దాంతోపాటు పొటెన్షియోమీటరు అనే విద్యుత్ భాగమూ తిరిగింది, వోల్టేజీ మారింది, ఆ మార్పు తీగ గుండా కంప్యూటరుకు చేరింది. తెర మీద గుర్తు కదిలింది! ఆ రోజుల్లో అది ఎంత పెద్ద సంగతో ఊహించండి.

కానీ పెట్టెను వెనక్కి లాగితే? తీగ మణికట్టు కిందికి వచ్చి పడుతుంది. పక్కకు జరిపితే చేతికి అడ్డం తగులుతుంది. కంటికి కనపడని ఆ చిన్న లాగుడు చెయ్యికి మాత్రం తెలుస్తుంది. చక్రాలు ఎంత బాగా దొర్లితే ఏం లాభం? అందుకే త్వరలోనే తీగను వెనక నుంచి తీసి ముందుకు మార్చారు, వేళ్ల వైపు నుంచి బయటికి వచ్చేలా. చరిత్ర పుస్తకాలు చక్రాలను పొగుడుతాయి. నా మటుకు నాకు ఆ మార్పు చక్రాలకు ఏమాత్రం తీసిపోదు.

నాసా నిధులతో పోలిక పరీక్షలూ జరిగాయి. లైట్ పెన్, జాయ్‌స్టిక్, బల్ల కింద మోకాలితో నడిపే పరికరం, వీటన్నిటితో మౌస్‌ను పోల్చి చూశారు. అలవాటు పడినవాళ్ల చేతుల్లో మౌసే గెలిచింది. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎంగెల్‌బార్ట్ తొంభై నిమిషాల పాటు దాన్ని లోకానికి చూపించాడు. 1970 నవంబరు 17న పేటెంటు వచ్చింది.

వాళ్లు ముందుకు మార్చిన తీగను ఇవాళ మనం మళ్లీ కట్టేస్తున్నాం. బల్ల అంచు దాటి కిందికి వేలాడే తీగ బరువు, మానిటరు వెనక బిగిసిన ముడి, రెండూ చేతిని లాగుతూనే ఉంటాయి. డేటా ఎంట్రీ చేసే పిల్లలు, మీసేవ కేంద్రాల్లో రోజంతా కూర్చునేవారు ఆ లాగుడుకు అలవాటుపడి నొప్పిని ఓర్చుకుంటున్నారు. ఓర్చుకోవాల్సిన పని లేదు. బల్ల మీద మౌస్ తిరిగేంత మేర తీగను వదులుగా ఉంచండి. ఆ తర్వాతి చోట బల్లకు టేపుతోనో క్లిప్పుతోనో నిలపండి, కింద వేలాడే బరువు చేతిదాకా రాదు. నాలుగు మూలలకూ జరిపి చూడండి, ఎక్కడా బిగుసుకోకూడదు. పని అయ్యాక తీగను మౌస్ చుట్టూ బిగించి చుట్టకండి. మౌస్‌లోకి తీగ దూరే చోటే పదేపదే వంగి, లోపలి రాగి పోగులు తెగేది.

ఈ సోమవారం ఆఫీసుకు వెళ్లగానే, కంప్యూటరు ఆన్ చేయకముందే, తీగను వదులు చేసే ఆ పని చేసుకోండి. పక్క సీటువాళ్లకూ చేసిపెట్టండి.