దూరప్రయాణపు సైకిల్ చక్రం: బలం ఎక్కడుంది?

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు:
• తీగ చువ్వల చక్రం ఎలా పనిచేస్తుందో వివరించగలుగుతారు.
• దూరప్రయాణాలకు అనువుగా చక్రం ఎలా మారిందో తెలుపగలుగుతారు.
• మన్నికైన చక్రాన్ని ఎంచుకోవడానికి చరిత్ర ఇచ్చే ఆధారాలను గుర్తించగలుగుతారు.

1. ప్రస్తావన

సైకిల్‌పై దూరప్రయాణం చేయదలచినవారు ముందుగా పరీక్షించవలసినవి చక్రాలు. మనిషి బరువు, సామాను బరువు, గతుకుల దెబ్బ అన్నీ వాటి మీదే పడతాయి. బరువైన చక్రమే గట్టిదని చాలామంది అనుకుంటారు. సైకిల్ చక్రం చరిత్ర ఈ అభిప్రాయాన్ని సమర్థించదు.

2. కొయ్య ఆకుల నుంచి తీగ చువ్వలకు

ఎడ్లబండి చక్రాన్ని గుర్తుచేసుకోండి. ఇరుసు కిందికి వచ్చిన కొయ్య ఆకులు బరువును స్తంభాల్లా మోస్తాయి. 1860లలో పారిస్‌లో తయారైన పెడల్ సైకిళ్ళకు ఇటువంటి కొయ్య చక్రాలు, ఇనుప పట్టాలు ఉండేవి. 1869లో పారిస్‌కు చెందిన యూజీన్ మేయర్ తీగ చువ్వల సైకిల్ చక్రానికి పేటెంటు పొందాడు.

సన్నని తీగ దేనినీ నెట్టలేదు, లాగి పట్టుకోగలదు. అందుకే చువ్వలన్నిటినీ ముందే బిగించి ఉంచుతారు. బరువు పడినప్పుడు నేలవైపున్న చువ్వల్లో బిగువు కొంత తగ్గుతుంది. అది పూర్తిగా పోనంతవరకు చక్రం ఆకారం చెడదు. బిగువు చాలని చువ్వ మాత్రం ప్రతి చుట్టులోనూ వదులై, మళ్ళీ బిగిసి, చివరికి హబ్బు దగ్గరి వంపులో తెగిపోతుంది.

పెడల్ తొక్కినప్పుడు హబ్బు మెలితిరుగుతుంది. నేరుగా అమర్చిన చువ్వలు ఈ మెలికను సరిగా తట్టుకోలేవు. ఇంగ్లండులోని కోవెంట్రీకి చెందిన జేమ్స్ స్టార్లీ 1874లో చువ్వలను హబ్బు అంచు నుంచి ఏటవాలుగా, ఒకదానినొకటి దాటేలా అమర్చే పద్ధతికి పేటెంటు పొందాడు. నేటికీ ఎక్కువ సైకిళ్ళలో ఈ అమరికే కనిపిస్తుంది.

3. దూరప్రయాణాల పరీక్ష

1884 ఏప్రిల్‌లో థామస్ స్టీవెన్స్ శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బయలుదేరాడు. అతని సైకిల్ ముందు చక్రం వ్యాసం 50 అంగుళాలు. టైర్లలో గాలి లేదు, గట్టి రబ్బరే. అమెరికా, ఐరోపా, పర్షియా దాటి, నాటి అవిభక్త భారతదేశంలో లాహోరు నుంచి కలకత్తా వరకు తొక్కి, 1886 డిసెంబరులో యోకోహామా చేరాడు. సముద్రాలను ఓడల్లో దాటాడు. తీగ చువ్వలు లోకమంతటి గతుకులనూ తట్టుకోగలవని ఈ యాత్ర నిరూపించింది.

1885లో జాన్ కెంప్ స్టార్లీ తయారుచేసిన గొలుసు సైకిల్ ‘రోవర్’తో చక్రాలు చిన్నవయ్యాయి. చిన్న చక్రం గట్టిదే, కాని కుదుపు ఎక్కువ. బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయ్డ్ డన్‌లప్ 1888లో పేటెంటు పొందిన గాలి టైరు ఆ కుదుపును తగ్గించింది. అయితే పంక్చరు కొత్త సమస్య అయింది. 1891లో మిషెలిన్ సోదరులు సులభంగా ఊడదీయగల టైరును తెచ్చారు. అదే ఏడాది సుమారు 1,200 కిలోమీటర్ల పారిస్–బ్రెస్ట్–పారిస్ పందెంలో షార్ల్ తెర్రోన్ ఆ టైర్లతోనే గెలిచాడు. గట్టిదనంతో పాటు దారిలో బాగుచేసుకునే వీలు కూడా మన్నికలో భాగమైంది.

4. చక్రం ఎంపిక

మన ఊళ్ళలో పాలకాన్లు, గడ్డిమోపులు మోసిన నల్ల సైకిల్‌ను గమనించండి. సాధారణంగా దాని ముందు చక్రానికి 32, వెనుక చక్రానికి 40 చువ్వలు ఉంటాయి. బరువు వెనుకే ఎక్కువ కావడం దీనికి కారణం. దూరప్రయాణానికీ ఇదే సూత్రం:

• సామాను ఉంటే వెనుక చక్రానికి కనీసం 36 చువ్వలు మేలు. ఒకటి తెగినా పక్క చువ్వలను సవరించి తరువాతి ఊరు చేరవచ్చు. చువ్వలు తక్కువైతే రిమ్ము ఎక్కువగా వంగి బ్రేకుకు తగులుతుంది.
• ఒక్కో వైపు చువ్వలన్నీ సమానంగా బిగిసి ఉండాలి. వేలితో మీటితే దాదాపు ఒకే స్వరం పలకాలి.
• వెడల్పు టైరు గతుకుల దెబ్బను తగ్గించి రిమ్మును కాపాడుతుంది.
• దారిలోని ఊళ్ళలో టైరు, ట్యూబు దొరికే కొలతనే ఎంచుకోవాలి.

5. సారాంశం

సైకిల్ చక్రం బలం బరువులో కాదు, సమంగా పంచిన బిగువులో ఉంది. ఈ బిగువును సరిచేయగల మనిషి, పనిముట్టు దారిలో దొరికినప్పుడే ఆ బలం నిలుస్తుంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. బండి చక్రం, సైకిల్ చక్రం బరువు మోసే తీరులోని తేడా ఏమిటి?
2. గాలి టైరు ఏ సమస్యను తీర్చింది? ఏ సమస్యను తెచ్చింది?