ఫ్రెంచి పదసంపద: చెవి దారి, నోటి దారి

ఫ్రెంచి మాటలను ముందు చెవితో పట్టుకుని, నోట తిప్పి, ఆ తర్వాతే అచ్చులో చూసే అభ్యాస మార్గమిది. ఏ భాషకైనా ఈ మార్గం పనికొస్తుంది గానీ, ఫ్రెంచికి దీని అవసరం మరీ ఎక్కువ. కాగితం మీద కనబడే ఫ్రెంచి అక్షరాల్లో చాలావాటిని నోరు అసలు పట్టించుకోదు.

‘మాట్లాడు’ అనే క్రియనే తీసుకుందాం. నేను, నువ్వు, అతను, వాళ్లు – ఈ నలుగురికీ వర్తమాన కాలంలో మూడు రకాల స్పెల్లింగులున్నాయి. పలుకు మాత్రం ఒక్కటే, ‘పార్ల్’. ‘వెర్’ అని వినబడితే అది ఆకుపచ్చ రంగు కావచ్చు, గాజు కావచ్చు, పురుగు కావచ్చు, ‘వైపు’ అనీ కావచ్చు. రాతలో నాలుగూ నాలుగు తీరులు. రాసింది రాసినట్టు చదివే తెలుగువారికి ఇది మొదట్లో మింగుడుపడదు. పుస్తకంలో రెండు వేల మాటలు గుర్తుపట్టే విద్యార్థి రేడియో పెడితే పది మాటలు కూడా విడదీయలేకపోవడానికి మూలం ఇక్కడే ఉంది.

మాటకీ మాటకీ మధ్య గట్టు తెగిపోవడం రెండో చిక్కు. దీన్ని ఫ్రెంచివారు లియేజోఁ అంటారు. మన సంధికి దగ్గరి చుట్టం. స్నేహితుడు ‘అమి’. ఒక స్నేహితుడు అన్నప్పుడు ‘అఁనమి’ అవుతుంది, బహువచనంలో ‘లెజమి’ అవుతుంది. నిఘంటువులో ‘నమి’ కోసం వెతికితే దొరకదు. ఫ్రాన్సులో పుట్టిన పసిపిల్లలకే ఈ తికమక తప్పదు: ఎలుగుబంటిని ‘ఉర్స్’ అనడానికి బదులు కొన్నాళ్లు ‘నుర్స్’ అనో ‘జుర్స్’ అనో అంటారు. ఇక వాడుకలో మాటలు అరిగిపోవడం సరేసరి. ‘నాకు తెలియదు’ అనడానికి పాఠ్యపుస్తకం ‘జ్ న సే పా’ అని నేర్పుతుంది. వీధిలో వినబడేది ‘షే పా’.

పుస్తకం దారిలో వెళ్లి దెబ్బతిన్నవారిలో ప్రసిద్ధుడు ఫ్రాఁస్వా గ్వేఁ. ఈ ఫ్రెంచి లాటిన్ పంతులు జర్మన్ నేర్చుకోవాలని హాంబర్గ్ వెళ్లాడు. వ్యాకరణం వల్లెవేశాడు, ధాతువులు కంఠస్థం చేశాడు, చివరికి నిఘంటువునే బట్టీపట్టాడు. తీరా ఉపన్యాసానికి కూర్చుంటే ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇంటికి తిరిగొచ్చాక, పిండిమర చూసొచ్చిన చిన్నారి మేనల్లుడు ఆటలో ఒక్కో పనీ చేస్తూ, ఆ పనిని నోటితో వరసగా చెప్పుకోవడం గమనించాడు. తలుపు దగ్గరికి నడుస్తున్నాను, గడియ తీస్తున్నాను, తలుపు లాగుతున్నాను – ఇలా పనుల వరసలతో భాష చెప్పే పద్ధతిని 1880లో పుస్తకంగా వెలువరించాడు. అంతకు రెండేళ్ల ముందే, 1878లో, అమెరికాలోని ప్రావిడెన్స్‌లో మాక్సిమిలియన్ బెర్లిట్జ్ తన బడి తెరిచాడు. అక్కడ తరగతి గదిలో విద్యార్థి మాతృభాషకు చోటు లేదు. వస్తువు చూపించాలి, ఫ్రెంచిలోనే అడగాలి, ఫ్రెంచిలోనే చెప్పించాలి.

అయితే ఏ మాటలు ముందు నేర్పాలి? ఈ ప్రశ్నకు చెవితో జవాబు వెతికిన పని ఫ్రాన్సులో 1951లో మొదలైంది. అంతవరకు పదాల పౌనఃపున్య పట్టికలు ఎక్కువగా పుస్తకాల ఆధారంగా తయారయ్యేవి. భాషావేత్త జార్జ్ గూగెన్‌హైమ్ బృందం టేప్ రికార్డర్ పట్టుకుని మనుషుల మాటల్లోకి వెళ్లింది. రెనె మిషెయా, పోల్ రివాఁక్, ఒరెలియేఁ సోవజో ఆయన సహచరులు. 275 మంది మాట్లాడిన 163 సంభాషణలు రికార్డు చేశారు. మొత్తం 3,12,135 పదప్రయోగాలు, వాటిలో వేర్వేరు పదాలు 7,995. అన్నిటికన్నా పైన నిలిచింది ‘ఉండు’ అనే క్రియ ‘ఎత్ర్’, దాని తర్వాత ‘కలిగి ఉండు’ అనే ‘అవ్వార్’. ‘షే పా’లో మిగిలిన ఆ ‘పా’ కూడా మొదటి పదిలోనే ఉంది.

లెక్క ఒక వింతనూ బయటపెట్టింది. క్రియలు, సర్వనామాలు, చిన్నచిన్న అవ్యయాలు ఏ సంభాషణలోనైనా దొరుకుతాయి. రోజూ చేత్తో పట్టుకునే వస్తువుల పేర్లు మాత్రం పట్టిక అడుగుకు జారిపోయాయి, ఎందుకంటే భోజనం గురించి మాట్లాడితే తప్ప గరిటె పేరు రాదు. వాడకం తక్కువైనా ఆ మాట అందరి నాలుక చివరా సిద్ధంగానే ఉంటుంది. మిషెయా వీటిని ‘అందుబాటు పదాలు’ అన్నాడు. ఒళ్లు, బట్టలు, ఇల్లు, వంటగది, పల్లె, పట్నం వంటి 16 అంశాలిచ్చి, ఒక్కోదాని కింద తోచిన పేర్లు రాయమని బడిపిల్లలను అడిగి వాటిని కూర్చుకున్నారు. రెండూ కలిపి 1954లో వచ్చిన మొదటి పట్టికలో పదాలు 1,500 లోపే. తొలుత ‘ఫ్రాఁసె ఎలెమాఁతేర్’ అన్న పేరు తర్వాత ‘ఫ్రాఁసె ఫోఁదమాఁతాల్’గా మారింది. భాషను కుదించి పేద భాషను చేస్తున్నారని అభ్యంతరాలు లేచాయి. భాషావేత్త మార్సెల్ కోయెన్ 1955లో ఈ పట్టికను నేరుగా ఖండించాడు. ఆ భయం నిజం కాలేదు. పట్టిక పాతబడింది, అంతే. వాడుక మాట ఆగదు కదా: పిచ్చి అనే ‘ఫూ’ను తిరగేసి కుర్రకారు ‘ఊఫ్’ అంటున్నారు.

ఆ పట్టికలోని పదాలతోనే పారిస్ దగ్గరి సేఁ-క్లూలోని పరిశోధన కేంద్రం, జాగ్రెబ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు పెతర్ గుబెరీనా కలిసి ‘వ్వా ఎ ఇమాజ్ ద ఫ్రాఁస్’ అనే పాఠ్యక్రమం రూపొందించారు. గుబెరీనా వినికిడి లోపం ఉన్నవారికి మాట నేర్పే పనిలో ఆరితేరినవాడు. తెర మీద బొమ్మ, టేపులో వాక్యం. వినాలి, బొమ్మను బట్టి అర్థం ఊహించాలి, అదే స్వరంతో తిరిగి పలకాలి, ఆపైన సన్నివేశం మార్చి సొంతంగా చెప్పాలి. రాత వారాల తరబడి వాయిదా పడేది. దీని లోపమూ స్పష్టమే. బల్లకు బొమ్మ గీయొచ్చు. ‘అయినప్పటికీ’కి ఏం గీస్తాం? 1976లో యూరప్ మండలి కోసం తయారైన ‘అఁ నివో-సయ్’ అనే గ్రంథం దృష్టిని పదాల నుంచి పనులకు మళ్లించింది: దారి అడగడం, క్షమాపణ చెప్పడం, కాదనడం.

విన్న మాట నిలవాలంటే మళ్లీ మళ్లీ తగలాలి. అమెరికాలో ఫ్రెంచి బోధించిన పాల్ పిమ్స్‌లర్ 1967లో దీనికో వరస సూచించాడు: 5 సెకన్లు, 25 సెకన్లు, 2 నిమిషాలు, 10 నిమిషాలు, గంట, 5 గంటలు, ఒక రోజు, ఇలా ఎడం పెంచుకుంటూ రెండేళ్ల దాకా. అంకెలను తు.చ. తప్పకుండా పాటించనక్కరలేదు, మరిచిపోబోయే ముందు నోటితో గుర్తుచేసుకోవడమే ఇందులో కీలకం.

ఇవాళ సాధనకు సరుకు కరువు లేదు. ఆర్‌ఎఫ్‌ఐ రేడియో తేలిక ఫ్రెంచిలో పది నిమిషాల వార్తలు ప్రసారం చేస్తూ పూర్తి పాఠాన్నీ అందిస్తోంది. పాఠం చూడకుండా రెండుసార్లు విని, తోచిన మాటలు రాసుకుని, మూడోసారి పాఠంతో సరిచూడాలి. కంటికి తెలిసి ఉండీ చెవికి అందని మాటలు అప్పుడు బయటపడతాయి. కొత్త మాటలకన్నా వాటి మీద గడిపిన సమయమే ఎక్కువ ఫలితమిస్తుంది. ఆ వాక్యాలను వక్త వేగంతోనే ఒక్క ఊపిరిలో పలికి, చివర వార్తను సొంత మాటల్లో చెప్పాలి. నామవాచకాన్ని ‘ఒక’ అనే అర్థమిచ్చే ‘అఁ’ లేదా ‘యున్’తో కలిపి పలకడం మంచిది, ఎందుకంటే అచ్చుతో మొదలయ్యే మాట ముందు పుంలింగ, స్త్రీలింగ ఉపపదాలైన ‘ల’, ‘లా’ రెండూ కుదించుకుపోయి లింగం వినబడదు.

తెలుగు నోటికి కొత్తవైన ధ్వనుల్లో రెండిటిని చూద్దాం. పెదవులను ‘ఊ’ అనడానికి చుట్టి, లోపల ‘ఈ’ పలికితే మొదటిది వస్తుంది. ‘నువ్వు’ అనడానికి వాడే ఫ్రెంచి మాటలో ఉన్నది అదే. రెండోది ముక్కుతో పలికే అచ్చు. దీన్ని రాసుకోవడానికి మన అరసున్న చక్కగా సరిపోతుంది. ‘మంచి’ అనడానికి పుంలింగంలో ‘బోఁ’ అనాలి. అలవాటు కొద్దీ చివర నకారం పూర్తిగా పలికితే అది ‘బొన్’ అయి స్త్రీలింగమవుతుంది. తెలుగు ఊళ్లలో యానాంకు ఫ్రెంచి పాలనతో 1954 దాకా సంబంధం ఉండేది. ఇప్పుడు మనవాళ్లు ఎక్కువగా ఇంటర్‌లో రెండో భాషగానో, హైదరాబాద్ అలియాఁస్ ఫ్రాఁసెజ్‌లోనో, కెనడా వలస కోసమో నేర్చుకుంటున్నారు. కెనడా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ఫ్రెంచి వచ్చినవారికి 2023 నుంచి ప్రత్యేక విభాగం ఉంది. దానికి వినడం, మాట్లాడడం, చదవడం, రాయడం – నాలుగింటిలోనూ విడివిడిగా కెనడా భాషా ప్రమాణాల్లో ఏడో స్థాయి రావాలి. చదవడంలో ఎంత ఎక్కువ వచ్చినా వినడంలో తగ్గితే అర్హత ఉండదు.