పాత కార్లకు ఆటో హెడ్‌లైట్లు.. సెన్సార్ కొనేముందు ఇవి చూసుకోండి!

పొద్దు వాలగానే హెడ్‌లైట్లు వాటంతట అవే వెలుగుతాయి. కారు దిగి లాక్ చేశాక కూడా ఇంటి గుమ్మం దాకా దారి చూపించి, కాసేపటికి ఆరిపోతాయి. కొత్త కార్లలో ఇది మామూలు విషయమే. ఉమ్మడి అనంతపురం జిల్లాలోని పెనుకొండ దగ్గర, అంటే ఇప్పటి శ్రీ సత్యసాయి జిల్లాలో, కియా ఫ్యాక్టరీ ఉంది. 2019 నుంచి అక్కడ తయారవుతున్న సెల్టోస్ పై వేరియంట్లలో ఈ సదుపాయం ఉంది. మరి ఇంట్లో అపురూపంగా చూసుకుంటున్న అంబాసిడర్‌కో, ప్రీమియర్ పద్మినికో దీన్ని బిగించుకోవచ్చా? బిగించుకోవచ్చు. కాకపోతే సెన్సార్ కన్నా ముందు చూసుకోవాల్సిన పనులు కొన్ని ఉన్నాయి.

ఇది కొత్త టెక్నాలజీ కాదు

ఆటో లైట్లు ఈ మధ్య వచ్చినవని చాలామంది అనుకుంటారు. నిజానికి వీటికి 70 ఏళ్లకు పైగా చరిత్ర ఉంది. అమెరికాకు చెందిన జనరల్ మోటార్స్ 1952లోనే ఓల్డ్స్‌మొబైల్, క్యాడిలాక్ కార్లలో 'ఆట్రానిక్ ఐ' అనే పరికరాన్ని ఇచ్చింది. డ్యాష్‌బోర్డు మీద ఒక కన్నులా నిలబడి ఉండే ఈ పరికరం, ఎదురుగా వచ్చే బండి లైటును గుర్తించి హైబీమ్‌ను డిప్‌కు మార్చేది. వీధి దీపాలు కనిపించినా ఒక్కోసారి మోసపోయి డిప్ చేసేసేది.

1960ల దశకంలో అదే కంపెనీ 'ట్వైలైట్ సెంటినెల్' తెచ్చింది. చీకటి పడితే లైట్లు వేయడం, ఇంజిన్ ఆపాక డ్రైవర్ పెట్టుకున్నంత సేపు వెలిగించి ఉంచడం దీని పని. ఇప్పుడు 'ఫాలో మీ హోమ్' అంటున్నది ఇదే. మన దేశంలో 1958 నుంచి 2014 వరకు తయారైన అంబాసిడర్‌లో మాత్రం లైటు వేయాలన్నా, ఆపాలన్నా డ్రైవర్ చెయ్యే దిక్కు. కొన్ని పాత మోడళ్లలో డిప్పర్ స్విచ్ కాలి కింద, ఫ్లోర్ మీద ఉండేది.

అసలు ఎలా పనిచేస్తుంది?

ముందు అద్దం వెనకాల చిన్న లైట్ సెన్సార్ ఉంటుంది. బయటి వెలుతురు ఒక స్థాయి కన్నా తగ్గితే సెన్సార్ సిగ్నల్ ఇస్తుంది. ఆ సిగ్నల్‌తో రిలే పడి లైట్లు వెలుగుతాయి. చెట్ల నీడలోకి, వంతెన కిందకి వెళ్లిన ప్రతిసారీ లైట్లు వెలిగి ఆరకుండా మధ్యలో కొద్ది సెకన్ల ఆలస్యం పెడతారు. ఇంజిన్ ఆపాక వెలిగేందుకు టైమర్ ఉంటుంది. 30 సెకన్ల టైమర్ వల్ల బ్యాటరీకి వచ్చే నష్టం దాదాపు ఏమీ ఉండదు.

ముందు రిలే.. తర్వాతే సెన్సార్

పాత కార్లతో అసలు చిక్కు వైరింగ్ దగ్గర ఉంటుంది. మామూలు హాలోజన్ బల్బు 60/55 వాట్లది. డిప్‌లో రెండు బల్బులు కలిపి 110 వాట్లు. అంటే 12 వోల్టుల మీద సుమారు 9 యాంపియర్ల కరెంటు. చాలా పాత కార్లలో ఈ కరెంటంతా డ్యాష్‌బోర్డు స్విచ్ గుండా, డిప్పర్ గుండా తిరిగి బల్బుకు చేరుతుంది. దశాబ్దాల నాటి వైర్లు, తుప్పు పట్టిన ఎర్త్ పాయింట్ల వల్ల దారిలోనే వోల్టేజీ పడిపోతుంది.

బల్బు దగ్గర వోల్టేజీ 10 శాతం తగ్గితే వెలుగు మాత్రం దాదాపు 30 శాతం తగ్గుతుంది. 'పాత బండి కదా, లైటు ఇంతే' అనుకునే చాలా కార్లలో లోపం బల్బుది కాదు, వైరుది. బ్యాటరీ నుంచి నేరుగా, ఫ్యూజుతో, మందపాటి వైరు వేసి రిలేలు పెడితే అదే బల్బు బాగా వెలుగుతుంది. స్విచ్ మీద భారం కూడా పోతుంది. ఇది చేయకుండా పాత వైర్లకే ఆటో కిట్ తగిలిస్తే స్విచ్ కాలిపోవచ్చు, వైర్లు అంటుకోవచ్చు.

మరో రెండు విషయాలు మరవొద్దు. ఆల్టర్నేటర్ బదులు డైనమో ఉన్న కార్లలో ఇంజిన్ ఐడిలింగ్‌లో ఉన్నప్పుడు చార్జింగ్ దాదాపు ఉండదు. ట్రాఫిక్‌లో ఆగి ఉన్నా ఆటో లైట్లు వెలుగుతూనే ఉంటే ఆ కరెంటు బ్యాటరీ నుంచే పోతుంది. ఇక బ్రిటిష్ డిజైన్‌తో వచ్చిన తొలితరం కార్లలో కొన్నింటికి పాజిటివ్ ఎర్త్ ఉంటుంది. నెగటివ్ ఎర్త్ కోసం చేసిన కిట్‌ను వాటికి తగిలిస్తే వెంటనే పాడైపోతుంది.

చిన్న లైట్లే బ్యాటరీని తినేస్తాయి

హెడ్‌లైట్లు ఆపడం మరిచిపోతే 40 యాంపియర్-అవర్ బ్యాటరీ నాలుగైదు గంటల్లో ఖాళీ. తలుపు తీస్తే వెలిగే లోపలి లైటు ఇంకో రకం దొంగ. దుమ్ము పట్టి డోర్ స్విచ్ ఇరుక్కుపోతే 5 వాట్ల ఆ బల్బు ఎవరికీ తెలియకుండా వెలుగుతూనే ఉంటుంది. నాలుగు రోజుల్లో బ్యాటరీ పని అయిపోతుంది. నెలకోసారి బయటికి తీసే కారుకు ఇది పెద్ద సమస్యే. అందుకే ఆటో సెన్సార్ కన్నా ముందు, లైట్లు ఆపకుండా తలుపు తీస్తే మోగే చిన్న బజర్ పెట్టించుకోవడం మేలు. ఖర్చు తక్కువ, పాత వైరింగ్‌ను పెద్దగా కదిలించాల్సిన పనీ ఉండదు.

అనంతపురం రోడ్ల మీద సెన్సార్‌ను నమ్మొచ్చా?

అనంతపురంలో ఏడాది సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. నెలల తరబడి రోడ్ల మీద ఎర్రమట్టి దుమ్ము లేస్తూనే ఉంటుంది. అద్దం మీద దుమ్ము పేరుకుంటే సెన్సార్ చీకటి పడిందనుకుని లైట్లు ముందే వేస్తుంది. దానివల్ల నష్టమేమీ లేదు. హెడ్‌లైట్ గాజు మీద పేరుకునే దుమ్ముతోనే ప్రమాదం. అది వెలుగును తగ్గించడమే కాదు, చెదరగొట్టి ఎదుటి డ్రైవర్ కళ్లలో కొడుతుంది.

అంతకన్నా పెద్ద లోపం ఇంకొకటి ఉంది. సెన్సార్ కొలిచేది వెలుతురును మాత్రమే. దారి ఎంత దూరం కనిపిస్తోందన్నది దానికి తెలియదు. చలికాలం ఉదయం గుత్తి, పామిడి, పెనుకొండ మీదుగా సాగే 44వ నంబర్ జాతీయ రహదారి మీద మంచు కమ్మిందనుకోండి. తెల్లటి మంచులో వెలుతురు సరిపడా ఉంటుంది కాబట్టి సెన్సార్ లైట్లు వేయదు. వెనక ఎర్ర లైట్లు కూడా వెలగవు. వెనకాల వచ్చే లారీకి ముందు కారు ఉందన్న సంగతే తెలియదు. గాలిదుమ్ము లేచినప్పుడూ ఇంతే. అలాంటప్పుడు డ్రైవరే స్విచ్ వేయాలి. కాబట్టి ఆటో కిట్ బిగించినా పాత స్విచ్ పనిచేసేలా వైరింగ్ ఉండాల్సిందే.

రూల్స్ ఏం చెబుతున్నాయి?

కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 105వ రూల్ ప్రకారం సూర్యాస్తమయం తర్వాత అరగంట నుంచి, అలాగే వెలుతురు చాలనప్పుడు ఎప్పుడైనా సరే లైట్లు వెలగాలి. ముందు తెల్ల లైట్లు, వెనక ఎర్ర లైటు 155 మీటర్ల దూరం నుంచి కనిపించాలి. టూవీలర్లకైతే 2017 ఏప్రిల్ 1 నుంచి ఇంజిన్ ఆన్ కాగానే హెడ్‌లైట్ వెలిగే పద్ధతి వచ్చింది. పాత కార్లకు అలాంటి నిబంధన లేదు.

50 ఏళ్లు దాటిన కార్లను వింటేజ్‌గా రిజిస్టర్ చేసుకునేందుకు 2021లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. ఇందుకు ఛాసిస్, బాడీ, ఇంజిన్ అసలు రూపంలో ఉండాలి. అలాంటి కార్లకు పాత వైరింగ్‌ను కోయకుండా, కావాలంటే తీసేయగలిగేలా విడిగా వైర్లు వేయించడం మంచిది.

గుర్తుంచుకోవాల్సినవి

* ముందు ఎర్త్ పాయింట్లు, ఫ్యూజులు, రిలేలు సరిచేయించాలి. సెన్సార్ తర్వాతే.
* హాలోజన్ కోసం చేసిన రిఫ్లెక్టర్‌లో ఎల్ఈడీ బల్బు పెడితే వెలుగు చెదిరి ఎదుటివాళ్లకు కళ్లు బైర్లు కమ్ముతాయి.
* లైట్ల ఎత్తును గోడ మీద వెలుగు పడేలా చూసి సరిచేయించాలి. వెనక సీట్లో, డిక్కీలో బరువు ఉంటే ముందు లైటు పైకి లేస్తుంది.
* బయల్దేరే ముందు తడిగుడ్డతో లైట్ల గాజులు, సెన్సార్ ఎదుటి అద్దం తుడవాలి.
* మంచు, గాలిదుమ్ము, పగటి వానలో ఆటో మీద ఆధారపడొద్దు. లైట్లు చేత్తో వేసుకోవాలి.