బీరువాల్లో రాళ్లు

ఆ పుల్ల మంటలోకి నెట్టి ఇటు జరుగు నాయనా. జియాలజీ ల్యాబులో రాళ్లు తప్ప ఏముంటాయి తాతా అన్నావు కదా, చెబుతా విను. ఏళ్ల తరబడి ఆ ల్యాబు తాళాలు నా నడుముకే ఉండేవి.

పొడవాటి హాలు, పక్కన మైక్రోస్కోపుల గది, వెనక రేకుల షెడ్డు. మా డిపార్ట్‌మెంటంటే అంతే. హాల్లో గోడ పొడుగునా అద్దాల బీరువాలు. మంగంపేట బెరైటీసు, పులివెందుల రాతినార, గూడూరు అభ్రకం, బేతంచెర్ల నాపరాయి, అన్నీ ఉండేవి. కొత్తగా చేరిన పిల్లల చేతిలో బెరైటీసు ముక్క పెట్టేవాణ్ణి. చూపుకు మామూలు రాయే, పట్టుకుంటే చెయ్యి కిందికి దిగేది. అంతే సైజు పలుగురాయి కంటే ఒకటిన్నర రెట్లకు పైనే బరువు మరి! గట్టిదనం చూసే మోస్ పెట్టెలో పది గళ్లు. ఒకటోది బలపపు రాయి, తొమ్మిదోది కురువిందం. పదోది ఎప్పుడూ ఖాళీయే. అక్కడ ఉండాల్సింది వజ్రం, కాలేజీకి ఎక్కణ్ణించి వస్తుంది?

అసలు పని షెడ్డులో. డైమండ్ అంచున్న చక్రం మీద నీళ్లు పడుతుండగా రాయిని పలచటి బిళ్లగా కోసేవాణ్ణి. గాజుపలక మీద కార్బొరండం పొడి, నీళ్లు వేసి ఒక వైపు నునుపు చేసి, కెనడా బాల్సం వేడిచేసి స్లైడుకు అంటించాలి. మళ్లీ రెండో వైపు రుద్దాలి. ముందు ముతక పొడి, తర్వాత సన్నపొడి, చివరికి పిండిలాంటిది. 0.03 మిల్లీమీటర్లకు రావాలి. అంత పలచన ఏ స్కేలుతో కొలుస్తావు? మైక్రోస్కోపులో రెండు నికోల్ ప్రిజాల మధ్య పెట్టి క్వార్ట్జ్ రంగు చూడాలి. పసుపు కనబడితే ఇంకా మందంగా ఉన్నట్టు. లేత బూడిద రంగుకు వచ్చిందా, చెయ్యి తీసెయ్యాలి. ఇంకో రెండు రుద్దులు పడితే రాయే మిగలదు.

ఇక ఫీల్డుకు పోయే రోజు చూడాలి! సుత్తులు, బ్రంటన్ దిక్సూచులు, టోపోషీట్లు లెక్కపెట్టి ఇచ్చి, రాగానే లెక్కపెట్టి తీసుకునేవాణ్ణి. తిరుమల ఘాట్ రోడ్డు పక్కన మా సారు పిల్లల్ని ఆపి, ఒక చెయ్యి కింద గ్రానైటు మీద, ఇంకో చెయ్యి పైన క్వార్ట్‌జైటు మీద పెట్టమనేవారు. ఆ రెండు చేతుల మధ్య కోట్ల ఏళ్లు రాతిలో లేకుండా పోయాయిరా!

ప్రతి రాయి మీదా తెల్లపెయింటు చుక్క, దాని మీద నల్లసిరాతో నంబరు. ఏ ఊరు, ఏ కొండ, ఏ వాగు గట్టు, ఏ సంవత్సరం, అంతా రిజిస్టరులో ఆ నంబరు ఎదురుగా. ఊరు తెలియని రాయిని ఏం చేసుకుంటావు? రంగు చెబుతుంది, బరువు చెబుతుంది, తను పుట్టిన కొండ సంగతి చెప్పలేదు.

కొత్త బిల్డింగుకు మారినప్పుడు మైక్రోస్కోపులకు గుడ్డలు చుట్టి పసిపిల్లల్లా మోశారు. రిజిస్టర్లను మాత్రం పాతకాగితాల్లో కలిపి తూకానికేశారు. నాకు ఈరోజుకీ కడుపు మండుతుంది. మైక్రోస్కోపు డబ్బు పెడితే వస్తుంది. రిజిస్టరు పోతే రాయీ పోయినట్టే. తవ్వకాల్లో కొండే కరిగిపోయాక ఆ రాయి మళ్లీ ఎక్కడ దొరుకుతుంది?

వచ్చే ఏడు నువ్వూ ఆ గ్రూపే తీసుకుంటానంటున్నావు. చేరగానే రాళ్ల రిజిస్టరు ఎక్కడుందో అడుగు. లేదంటే ఒక కొత్త పుస్తకం కొనుక్కుని ఇంటికి రా. నాకు గుర్తున్న నంబర్లు చెబుతా, రాసుకుందువు గాని.