ఆగని టేపు

పెళ్ళి క్యాసెట్టును కంప్యూటరులోకి ఎక్కించబోయి తెల్లవార్లూ కూర్చున్నవారు మన తరంలో తక్కువేమీ కాదు. సగంలో నిలిచిపోయిన బొమ్మ, పెదవుల కదలికకు అందని మాట, గళ్ళు గళ్ళుగా విరిగిపోయిన పెళ్ళికూతురి ముఖం – ఇవన్నీ ఎవరింట్లో వారికి తమ యంత్రం జబ్బుగానే తోచాయి. కానీ ఆ జబ్బులలో చాలా భాగం ఒక్క మూలం నుండే పుట్టాయి. టేపు ఆగదు. కంప్యూటరేమో నాలుగు పనుల మధ్య ఆగుతూ సాగుతూ నడుస్తుంది. ఈ రెంటికీ సంధి కుదర్చడానికి జరిగిన ప్రయత్నాలదే ఈ చరిత్ర.

1982 ఏషియాడ్ నాటికి మన దేశంలో రంగుల టీవీ వచ్చింది. ఆ దశాబ్దంలోనే వి.సి.ఆర్.లు ఊళ్ళలోకి ప్రవేశించాయి, వెంటనే పెళ్ళిపందిట్లోకి వీడియో కెమేరా కూడా. అప్పటి వి.హెచ్.ఎస్. టేపు మీద ఉన్నది అంకెలు కాదు, అలలు. ఆ అలలను కంప్యూటరు అంకెలుగా మార్చుకోవాలి. మన పాల్ పద్ధతి బొమ్మకు అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలు, సెకనుకు 25 బొమ్మలు, చుక్కకు రెండు బైట్లు అని లెక్క వేసి చూడండి: సెకనుకు దాదాపు 20 మెగాబైట్లు, గంటకు 70 గిగాబైట్లకు పైమాట. 1990ల నడిమి కాలపు ఇంటి హార్డుడిస్కుకు అంత వేగమూ లేదు, అంత పొట్టా లేదు. అందుకే ఆనాటి క్యాప్చర్ కార్డులు బొమ్మను చిన్నది చేసి, కుదించి, ఎలాగో లోపలికి లాగేవి.

అంతకంటె సూక్ష్మమైన చిక్కు శబ్దానిది. బొమ్మను వీడియో కార్డు కొలుస్తుంది, శబ్దాన్ని సౌండు కార్డు కొలుస్తుంది. రెంటికీ వేర్వేరు గడియారాలు. వాటి మధ్య పదివేలకొక వంతు తేడా ఉన్నా గంట గడిచేసరికి 0.36 సెకను, అంటే తొమ్మిది బొమ్మల ఎడం వస్తుంది. మంగళాష్టకాలు చదివే పురోహితుడి నోరు ఒక దారి, గొంతు ఒక దారి. పైగా అరిగిపోయిన టేపులో బొమ్మల హద్దును తెలిపే సంకేతం చెదిరిన చోటల్లా కార్డు ఒక బొమ్మను జారవిడిచేది, ఎడం మరికాస్త పెరిగేది. ప్రోగ్రాము తప్పని తిట్టుకున్నవారు అది గడియారాల తగవని ఎలా ఊహించగలరు?

1995లో డి.వి. ఫార్మాటు వచ్చి కథను మలుపు తిప్పింది. ఆ ఏడాదే సోనీ విడుదల చేసిన డి.సి.ఆర్.-వి.ఎక్స్.1000 కెమేరా బొమ్మను అక్కడికక్కడే అంకెలుగా మార్చి, పావు అంగుళం వెడల్పున్న చిన్న టేపు మీద రాసేది. అంటే తరువాత జరగవలసినది మార్పిడి కాదు, కేవలం నకలు. ఆ నకలుకు దారి కూడా అదే ఏడు ప్రమాణంగా స్థిరపడింది: ఐ.ఇ.ఇ.ఇ. 1394. ఆపిల్ దానిని ఫైర్‌వైర్ అంది, సోనీ ఐ.లింక్ అంది, మరికొందరు కెమేరా పక్కన ఊరికే డి.వి. అని చెక్కారు. ఒకే తీగకు ఇన్ని పేర్లుంటే దుకాణానికి వెళ్ళిన మనిషి ఏమని అడగాలి? ఇది చాలదన్నట్టు కెమేరా వైపు నాలుగు పిన్నులు, చాలా కంప్యూటర్ల వైపు ఆరు.

పేర్ల గందరగోళం ఎలా ఉన్నా, ఆ తీగ వెనుక ఉన్న ఆలోచన మెచ్చదగినది. మన డెల్టా రైతుకు దాన్ని వివరించడం చాలా తేలిక. కాలువ మీద వంతు ఉన్నట్టే, ఆ తీగ మీద ప్రతి సెకనులోనూ వీడియోకు ఇంత భాగమని ముందే కేటాయింపు ఉంటుంది. దాన్ని మరొకరు లాక్కోలేరు. అయితే వంతు వేళకు మడి గట్లు సరిచేసుకుని ఉండవలసిన బాధ్యత రైతుదే. నీరు వెనక్కి రాదు. ఇక్కడా అంతే, కంప్యూటరు అందుకోలేకపోయిన ముక్కను కెమేరా మళ్ళీ పంపదు. జారిపోయిన బొమ్మలు అని మనం తిట్టుకున్నవి ఇవే. శబ్దమూ చిత్రమూ కలిపి సెకనుకు సుమారు 3.6 మెగాబైట్లు, గంటకు 13 గిగాబైట్లు. వీడియో వైరును సిద్ధంగా పెట్టిన పవర్ మాక్ జి3 1999 జనవరిలో వచ్చింది, ఐ-మూవీతో కూడిన ఐమాక్ డి.వి. అదే అక్టోబరులో. విండోస్ వైపు 2000లో మూవీ మేకర్ వచ్చింది.

కెమేరా పెట్టెలో ఫైర్‌వైర్ తీగ చాలాసార్లు ఉండేది కాదు. ఉన్నది యు.ఎస్.బి. తీగ. ఉన్నదానితోనే పని కానిద్దామనుకోవడం మానవ సహజం. నాటి యు.ఎస్.బి. 1.1 వేగం సెకనుకు 12 మెగాబిట్లు, డి.వి.కి కావలసినది దాదాపు 29. ఆ యు.ఎస్.బి. దారి ఫోటోలకూ, వెబ్‌కామ్ ముచ్చటకూ ఉద్దేశించినది. దానిగుండా తీసిన తపాలాబిళ్ళంత బొమ్మను చూసి డిజిటల్ కెమేరా అంటే ఇంతేనని నిట్టూర్చినవారు ఎందరో.

సరైన తీగ దొరికాక కూడా బొమ్మలు జారుతుంటే? ఇక్కడ విండోస్ ఎక్స్.పి.లోని ఒక విచిత్రాన్ని చెప్పాలి. హార్డుడిస్కుతో సంభాషణలో ఆరుసార్లు తప్పు దొర్లితే ఆ వ్యవస్థ చడీచప్పుడూ లేకుండా వేగమైన డి.ఎమ్.ఎ. పద్ధతిని వదిలి పి.ఐ.ఒ. అనే పాత పద్ధతికి దిగజారేది. అంటే ప్రతి బిందెనూ ప్రాసెసరు స్వయంగా నెత్తిన మోసుకోవడమన్నమాట. డివైస్ మేనేజరులో లోతుగా వెతికితే తప్ప ఆ సంగతి కనబడేది కాదు. జనం కెమేరా మార్చారు, తీగ మార్చారు, కార్డు మార్చారు. అలాగే క్యాప్చరు సరిగ్గా పద్దెనిమిదో నిమిషం దాటాక ఆగిపోతోందంటే తప్పు టేపుది కాదు. ఫ్యాట్32 పద్ధతిలో ఏ ఫైలూ 4 గిగాబైట్లు దాటలేదు, 13ను గంటతో లెక్కిస్తే 4 అంటే పద్దెనిమిది నిమిషాల చిల్లర. డిస్కును ఎన్.టి.ఎఫ్.ఎస్.కు మారిస్తే ఆ గోడ తొలగిపోయేది. నా దృష్టిలో ఇది మొత్తం కథలోకెల్లా న్యాయమైన దోషం, ఎందుకంటే ప్రతిసారీ ఒకేచోట ఎదురై, తన ఆచూకీ తానే చెప్పేది.

అమెరికా వెళ్ళిన మనవాళ్ళకు మరొక తిప్పలు. అక్కడ కొన్న కెమేరా ఎన్.టి.ఎస్.సి., ఇక్కడి వీధి వీడియోగ్రాఫరుది పాల్. ఒకటి సెకనుకు 29.97 బొమ్మలు, మరొకటి 25. ప్రోగ్రాములో ఆ ఎంపిక తప్పితే బొమ్మ గెంతుతుంది. అయినా ఈ రెండు లోకాల టేపులనూ ఒకేచోట చూపగలిగిన మధ్యవర్తి కంప్యూటరే.

అసలు నష్టం వీటిలో దేనివల్లా కాదు, వి.సి.డి.ల వల్ల జరిగిందని నేననుకుంటాను. గంటకు 13 గిగాబైట్ల డి.వి.ని ఒక్క సీడీలో ఇమిడేటట్టు, 352×288 చుక్కలకు దించి ఇంటింటా పంచారు. చూడడానికి సుళువు, ఖర్చు తక్కువ. పని అయిపోయిందనుకుని మూలం టేపు మీద మరొక శుభకార్యం చిత్రించారు. ఇరవయ్యో వంతు మిగిలింది, తక్కినది తిరిగి రాదు. తేమగాలి వీచే కోస్తా ఊళ్ళలో మిగిలిన క్యాసెట్లకు తెల్లని బూజు పట్టింది.

2006లో ఎ.వి.సి.హెచ్.డి. రాకతో ఇళ్ళలో టేపు అవసరం తగ్గుతూ వచ్చింది. వి.సి.ఆర్.లు తయారుచేస్తూ మిగిలిన ఫునాయ్ సంస్థ 2016 జులైలో ఆ పని మానింది. 2025లో వచ్చిన మాక్ ఓఎస్ 26లో ఫైర్‌వైర్‌కు మద్దతు లేదు. కనుక ఇప్పుడు ఎవరి బీరువాలోనైనా మినీ డి.వి. టేపులుంటే, కావలసినవి పాత కంప్యూటరొకటి, పనిచేసే కెమేరా ఒకటి, గంట టేపుకు గంట సమయం. బూజు కనబడితే ఆ టేపును కెమేరాలో పెట్టవద్దు, తలలు పాడై మిగతా టేపులకూ అంటుతుంది. బాగున్న టేపునైతే ముందు ఒకసారి చివరి దాకా తిప్పి, మళ్ళీ వెనక్కు చుట్టడం మంచిది.

ఎరుపు తెలుపు పసుపు మూడు రంగుల వైర్లతో సరిపెట్టుకోకుండా ఫైర్‌వైర్ దారినే తీయమనడానికి ఇంకొక కారణం ఉంది. డి.వి. టేపులో ప్రతి బొమ్మ వెంట చిత్రించిన తేదీ, గంట, నిమిషం, సెకను నమోదై ఉంటాయి. రంగుల వైర్ల దారిలో అవి రాలిపోతాయి, ఫైర్‌వైర్ దారిలో నిలుస్తాయి. లినక్సులోని డి.వి.గ్రాబ్ వంటి ఉపకరణాలు ఫైలుకు ఆ వేళనే పేరుగా పెట్టగలవు. జీలకర్ర బెల్లం పెట్టిన క్షణం సెకనుతో సహా దొరుకుతుంది. కాకపోతే వేసవి సెలవులకు కాలిఫోర్నియా నుండి వచ్చిన బావగారి కెమేరా అయితే గడియారం అక్కడిదే ఉండి ఉంటుంది. ఉదయం 7:42 ముహూర్తం ముందు రోజు సాయంత్రం 7:12 అని కనబడుతుంది, పన్నెండున్నర గంటలు కలుపుకోవాలి.